పదమూడో రీలు

కంగ్టి బాలప్ప మా అన్నను ముంచాడు. ఈ మాట నేను బస్టాండు హోటల్లో అన్నాను, అంగట్లో అన్నాను, వాడి కొడుకు బారాత్ మా గల్లీలోంచి పోతుంటే బ్యాండు ఆగేదాకా కాచుకొని మరీ అన్నాను. విన్నవాళ్లందరిదీ ఒకటే జవాబు. "పాత ముచ్చట ఎల్లయ్యా, ఇడిసిపెట్టు." పొలం గట్టు జానెడు జరిగితే మూడు తరాలు మాట్లాడుకోని మనుషులు నాకు చెప్పే నీతి ఇది. నేను విడిచిపెట్టను. బాలప్ప గుడికి గంట కట్టించి దాని మీద తన పేరు చెక్కించుకున్నాడు. ఆ గంట మోగినప్పుడల్లా నాకు పదమూడో రీలే గుర్తొస్తుంది.

అప్పట్లో నారాయణఖేడ్‌లో మాకు సినిమా అంటే బాలప్ప రేకుల టాకీసే. పైన రేకులు, చుట్టూ తడకలు, నేల టికెట్టుకు ఇసుక, ఆ వెనక బెంచీలు, అన్నిటికన్నా వెనక పది పన్నెండు కుర్చీలు. కరెంటును నమ్మే పని లేదు కాబట్టి డీజిల్ జనరేటర్. బాలప్ప సినిమాను బొమ్మగా ఎప్పుడూ చూడలేదు, డీజిల్‌గానే చూశాడు. ఆట ఎంత జల్దీ అయిపోతే అంత డీజిల్ మిగులు. అందుకని రీళ్ల పెట్టె రాగానే ఆపరేటర్ గఫార్‌ను కూర్చోబెట్టుకొని ఏ రీల్లో పాట ఉంది, ఏ రీల్లో కొట్లాట ఉంది అని అడిగేవాడు. పాటా కొట్లాటా లేని రీలు డబ్బాలోనే ఉండిపోయేది. జనం అలవాటు పడ్డారు. మా ఊళ్లో ఆడిన సినిమాల్లో నాయికల చెల్లెళ్లకు పెళ్లి కాకుండానే పిల్లలు పుట్టేవారు. జైలుకు పోయినవాడు మరునిమిషంలో జడ్జి కుర్చీలో కనపడేవాడు. "నడుమ కత మనమే అల్లుకోవాలె" అని నవ్వుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లు.

మా అన్న శంకరప్ప నాకన్నా ఆరేళ్లు పెద్ద. నాయిన పోయినప్పుడు నేను నాలుగో తరగతి. బడి మాన్పించి నన్ను ఎడ్ల వెంట తోలారు. అన్న ఏడో తరగతి దాకా చదివాడు, ఇంటికి పెద్దవాడు, కాబట్టి పట్టా అన్న పేరున ఎక్కింది. మేం పంచుకోలేదు. ఒక పొయ్యి, ఒక అరక. అన్న మాట, వదిన భీమమ్మ చేతివంట. బీదర్ దిక్కు పోయే రోడ్డు పక్కన నల్లరేగడి మాది. వానలు సరిగ్గా పడితే కందికట్టె మనిషి తలదాకా వచ్చేది.

ఎనభై రెండులో కందికోతలు అయ్యాక అన్నకు నిద్ర పోయింది. మొదట ఉత్తగా లేచి కూర్చునేవాడు. తర్వాత, గోడ అవతల ఎవరో తన పేరు పెట్టి తిడుతున్నారన్నాడు. గోడ అవతల మా బర్రె తప్ప ఎవరూ లేరు. నేను తీసుకుపోయి చూపించాను. బర్రెను చూశాడు, నన్ను చూశాడు, "నువ్వొచ్చినవని ఊకున్నరు" అన్నాడు. అన్ని తిట్లు తిడుతున్నారంటే తనేదో పెద్ద తప్పు చేసే ఉంటాడని నమ్మాడు. ఏం తప్పో తనకు తెలియదు. అందుకని ఊరినే అడిగి తెలుసుకుందామని బయలుదేరాడు. పొద్దున్నే స్నానం చేసి, నూనె పెట్టి తల దువ్వుకొని, ఉతికిన అంగీ తొడుక్కొని, ఒక్కో గడప ముందు నిలబడి చేతులు జోడించేవాడు.

"తప్పయింది, మాఫ్ చేయుండ్రి."

"ఏం తప్పు శంకరప్పా?"

"మీకే ఎరుక."

ఊరికి ఇది మహా నచ్చింది. ఇంత మర్యాదస్తుడు ఏడ దొరుకుతడు అన్నారు. ఒకడు "నీ ఎడ్లు నా చేన్ల మేసినయి గదా" అంటే అన్న ఇంటికొచ్చి కందుల సంచి మోసుకుపోయి ఇచ్చాడు. మా ఎడ్లు ఆ దిక్కు ఎన్నడూ పోలేదు. అది తెలిసి ఇంకొకడు "నా గడ్డివాము నువ్వే అంటుపెట్టినవ్" అన్నాడు. వదిన చీపురు పట్టుకొని వాడి ఇంటిదాకా పోయింది.

దర్గాకు తీసుకుపోయాం. తాయెత్తు కట్టించాం. దవాఖానలో డాక్టరు నిద్రగోళీలు ఇచ్చి, ఇది మనసుకు వచ్చిన జబ్బు, హైదరాబాద్ తీసుకుపోండి అన్నాడు. కందులు అమ్మి పోదామనుకున్నాం. అంతలో బాలప్ప టాకీసుకు ఆ సినిమా వచ్చింది.

సినిమా పేరు రాయను. రాస్తే దానికి ఇంకో నాలుగు టికెట్లు తెగుతాయి. రిక్షాకు మైకు కట్టి గల్లీ గల్లీ తిప్పారు. ప్రేమ కోసం పిచ్చివాడైన వీరుడి కథ అట. మా ఇంటి పక్క కాశమ్మ గోడ మీదుగా వదినను పిలిచింది.

"భీమమ్మా, గా సిన్మ మా అక్క జహీరాబాద్‌ల చూసిందట. పిచ్చోడు ఆఖరికి బాగైతడట."

"ఏం మందిచ్చిన్రట?"

"గది మా అక్కకు యాది లేదు. నడుమ పిలగాడు ఏడిస్తే బైటికి పోయిందట. బాగైతే అయిండట, పెండ్లి గూడ చేసుకున్నడట."

వదిన ఆ మాట పట్టుకుంది. హైదరాబాద్ పోవాలంటే ఖర్చు, తెలియని ఊరు. ఇక్కడ పక్కనే, నేల టికెట్టుకు, ఒక పిచ్చివాణ్ని ఎట్లా బాగుచేశారో చూపిస్తున్నారు. చూసి, ఆ మందేదో, ఆ మొక్కేదో తెలుసుకుంటే అయిపోయె. మీరు నవ్వొచ్చు. ఆ రోజుల్లో ఊరంతా సినిమాను అట్లాగే చూసేది. చీర కట్టు అందులోంచే నేర్చుకున్నారు, మీసం కత్తిరింపు అందులోంచే నేర్చుకున్నారు. రోగం కుదిర్చేది ఎందుకు నేర్చుకోకూడదు?

ముగ్గురం పోయాం. అంగడి రోజు, పగటి ఆట.

ఇక ఆ సినిమా. ప్రేమించిన పిల్ల చచ్చిపోయిందని ఎవడో చెప్తే నాయకుడికి పిచ్చెక్కుతుంది. పిచ్చెక్కిందని మనకెట్లా తెలుస్తుందంటే, గుట్టెక్కి పకపకా నవ్వుతాడు. అంగీ చింపుకుంటాడు. లోపల బనీను కొత్తది. జుట్టంతా చెదిరి నుదుటి మీద పడుతుంది గానీ గడ్డం మాత్రం రెండు రోజులదే. తర్వాత పిచ్చాసుపత్రి. అందులో ఒకడు మెడలో సైకిల్ టైరు వేసుకొని బస్సు నడుపుతుంటాడు. ఇంకొకడు అరటిపండు చెవికి పెట్టుకొని మంత్రితో మాట్లాడుతుంటాడు. ఒక ముసలివాడు నర్సు వెనక కోడిలాగా పరుగెత్తుతాడు. టాకీసంతా ఇసుకలో పడి దొర్లింది. పక్కన కూర్చున్న నాగల్‌గిద్ద కూలీ కళ్లు తుడుచుకుంటూ తన కన్నడం కలిసిన తెలుగులో "హౌదు హౌదు, హిట్లనే ఉంటరు" అన్నాడు, తనే వాళ్లను పుట్టించినట్టు.

ఆ తర్వాత నేను హైదరాబాద్‌లో మనసు జబ్బుల దవాఖాన వరండాలో అన్నతో రెండు నెలలున్నాను. టైరు వేసుకున్నవాడు ఒక్కడూ కనపడలేదు. గోడకు ఆనుకొని కూర్చున్నవాళ్లు కనపడ్డారు. అన్నం పళ్లెం ముందు పెట్టుకొని, తినొచ్చా అని ఎవరో చెప్పాలని ఎదురుచూసేవాళ్లు కనపడ్డారు. ఆ సినిమా తీసినవాడు ఒక్క పూట ఆ వరండాలోకి వచ్చి ఉంటే నేను వాణ్ని చెప్పుతో కొట్టకుండా వదిలేవాణ్ని.

అన్న ఒక్కసారి కూడా నవ్వలేదు. బొమ్మ మీదే చూపు. చివరికి నాయకుణ్ని గొలుసులతో మంచానికి కట్టేసి తలకు కరెంటు పెడతారు. వాడు పెద్దపులిలాగా అరుస్తాడు. ఆ అరుపుతో బొమ్మ ఒకసారి నల్లబడింది. వెంటనే చూస్తే నాయకుడి మెడలో పూలదండ. పక్కన చచ్చిపోయిందన్న పిల్లే పెళ్లికూతురు. టైరు వేసుకున్నవాడు అక్షింతలు చల్లుతున్నాడు. శుభం.

జనం లేచారు. వదిన లేవలేదు.

"మందేది?" అంది.

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత అన్న తనంతట తాను నాతో ఒక ముచ్చట మొదలుపెట్టడం అదే. "ఎల్లయ్యా, గొలుసులు ఉండె గదా. ఎవలు ఇప్పిన్రు?"

అక్కడి నుంచి మొదలైంది. మరునాడు మళ్లీ పోయాడు. ఆ మరునాడు కూడా. నేల టికెట్టు, ముందు వరస. ఆ నల్లబడే చోట మెడ ముందుకు చాచి, కళ్లు ఆర్పకుండా చూసేవాడు. ఈసారైనా ఆ నలుపులో ఏదైనా కనపడుతుందని. ఇళ్లకు పోయి మాఫ్ చేయమనడం మానేశాడు. దానికి బదులు టాకీసు గేటు దగ్గర, హోటల్లో, బావి దగ్గర అందరినీ అదే అడిగేవాడు. "ఆయినెకు ఎట్ల బాగైంది?" ఒకడు కరెంటుతో అన్నాడు. ఒకడు తల్లి మొక్కుతో అన్నాడు. హోటల్ సంగప్ప గ్లాసులు కడుగుతూ "పెండ్లి జేస్తే పిచ్చి కుదురుతది శంకరప్పా" అంటే, చాయ తాగుతున్నవాడు "పెండ్లితోనే గదనే పిచ్చి లేసేది" అన్నాడు. అందరూ నవ్వారు. అన్న ఆ రెండు మాటల్లో ఏది నిజమో ఇంటిదాకా ఆలోచించుకుంటూ వచ్చాడు.

నేను గఫార్‌ను పట్టుకున్నాను. మంచివాడు. బీడీ ఆర్పి నిజం చెప్పాడు.

"పదమూడో రీలు భాయ్. డబ్బాలనే ఉన్నది. అంత మాటలే, పాట లేదు, ఫైటింగ్ లేదు. సేటు వెయ్యొద్దన్నడు."

"ఏమున్నది దాంట్ల?"

"నేను చూడలే. ఎయ్యంది ఎట్ల చూస్త?"

నేనూ వదినా బాలప్ప దగ్గరకు పోయాం. వాడు టికెట్ల గూట్లో కూర్చొని పాన్ నములుతున్నాడు. ఒక్క ఆటకు ఆ రీలు వెయ్యి సేటూ, మా అన్న చూడాలె అన్నాను. ఎందుకని అడిగాడు. వదిన దాచకుండా అంతా చెప్పింది. నిద్ర లేదని, గోడ అవతల తిట్లని, ఆ రీల్లో మందుందని.

"ఒక్కని కోసం జనరేటర్ ఎవడు నడుపుతడమ్మా?"

వదిన కాలి మెట్టెలు తీసి గూట్లో పెట్టింది. "డీజిలుకు ఇవి పెట్టుకో."

వాడు వాటిని తాకలేదు. "మీ చేను రోడ్డు పక్కనే గదా, మోట బావి కాడ?" అన్నాడు. అవునంది వదిన. "చూద్దాం తియ్యి. పోండ్రి. మెట్టెలు తొడుక్కో, అపశకునం" అన్నాడు. ఎంత మంచి మనిషి అనుకుంటూ వచ్చింది ఆమె ఇంటికి.

నాలుగో నాడు నేను విత్తనాల పని మీద సిర్గాపూర్ పోయి బస్సు దిగేసరికి వదిన బస్టాండులో ఎదురొచ్చింది. చెప్పుల్లేవు.

"మీ అన్నను బాలప్ప జీపుల తీస్కపోయిండు. చేన్ల ఉన్న మనిషిని. రీలు చూపిస్తనన్నడట. జీపుల మొగులయ్య పటేలు గూడ ఉన్నడు. రీలు చూసేటందుకు పటేలు ఎందుకు ఎల్లయ్యా?"

పరుగెత్తాం. పెట్టె వాపస్ పోయే రోజు అది. మిట్టమధ్యాహ్నం, ఆట లేదు, అయినా టాకీసు వెనక జనరేటర్ కొట్టుకుంటోంది. లోపల రేకుల వేడికి పొయ్యిలో దూరినట్టుంది. రేకుల మేకుబొక్కల్లోంచి ఎండ బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. అంత పెద్ద టాకీసులో మా అన్న ఒక్కడే, కుర్చీలో. జన్మలో మొదటిసారి కుర్చీ క్లాసు. పక్కన నేల మీద తాగకుండా పెట్టిన గోలీసోడా. వెనక బెంచీ మీద బాలప్ప, మొగులయ్య పటేలు, పటేలు బావమరిది.

బొమ్మ మీద నాయకుడు గొలుసులు తెంపుకుంటున్నాడు. మందు లేదు, మొక్కు లేదు. గొలుసులు పక్కన పారేసి, జుట్టు వెనక్కి దువ్వుకొని, తనకు కరెంటు పెట్టినవాడి గల్లా పట్టుకొని చెప్పాడు. తనకు పిచ్చి లేదట. మొదటి నుంచీ లేదట. దొంగల గుట్టు తెలుసుకోవడానికి ఇదంతా తను ఆడిన నాటకమట. వెనక నిలబడ్డ పోలీసు పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

రీలు అయిపోయింది. దాని తోక మెషిన్‌లో పట్‌పట్‌మని కొట్టుకుంటోంది.

"గఫార్ భాయ్, ఇంకొక్కసారి" అన్నాడు అన్న.

బాలప్ప చెయ్యి ఊపాడు, వెయ్యి అన్నట్టు. ఆ రోజు వాడికి డీజిల్ లెక్క లేదు. మళ్లీ వేశారు. నేను పోయి అన్న పక్కన నేల మీద కూర్చున్నాను. వదిన తడక పట్టుకొని నిలబడింది. మళ్లీ గొలుసులు, మళ్లీ గల్లా, మళ్లీ చప్పట్లు.

అన్న నా దిక్కు తిరిగాడు. "మందు లేదు ఎల్లయ్యా. ఆయినెకు రోగమే లేదట. నాటకమట."

"సిన్మ అన్నా అది. ఇంటికి పోదాం పా."

"నేను గూడ నాటకమే ఆడుతున్ననా?"

ఆయన ఆలోచించుకుంటున్నాడు. ఇన్ని నెలలూ ఏం తప్పు చేశానా అని వెతికిన మనిషి. ఆ తప్పు ఇప్పుడు దొరికింది. ముఖం తేలికపడింది కూడా. లేచి, అంగీ సరిచేసుకొని, బెంచీ దగ్గరకు పోయి బాలప్పకు చేతులు జోడించాడు.

"తప్పయింది సేటు. నాటకం ఆడిన. మాఫ్ చెయ్."

"మాఫే, మాఫే" అన్నాడు బాలప్ప. అంగీ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. జేబులో మడిచిన కాగితం. అప్పుడు చూశాను, అన్న కుడిచేతి వేలికి అంటిన సిరా.

సాదా బైనామా. బాండు కాగితం మీద, రోడ్డు పక్క భూమి మొత్తం అమ్మినట్టు. పైకం ముట్టినట్టు కూడా రాసి ఉంది. ఆ పైకం మా గడప తొక్కలేదు. సంగతి ఏమిటంటే, పెట్టె ఆ రోజు వాపస్ పోతుంది, దాన్ని ఒక్క పూట ఆపాలంటే కంపెనీకి కట్టాలి, నీ దగ్గర ఏమున్నది అని అడిగాడట జీపులో. భూమి ఉన్నది అన్నాడట అన్న. గవాయిలుగా, అంటే సాక్షులుగా, మొగులయ్య పటేలు, ఆయన బావమరిది. నేను బాలప్ప జేబు మీద పడ్డాను. అంగీ గుండీలు ఊడాయి, కాగితం రాలేదు. జీపు డ్రైవరూ పటేలు బావమరిదీ కలిసి నన్ను ఇసుకలో పడేశారు. గఫార్ మెషిన్ గదిలోంచి దిగొచ్చి "సేటు, ఇది హరామ్" అన్నాడు. ఆ నెలే అతని కొలువు పోయింది.

చావడి ముందు పంచాయితీ పెట్టించాం. పంచాయితీ పెద్ద ఎవరు? మొగులయ్య పటేలు. గవాయి ఆయనే, తీర్పు ఆయనదే. ఇదేం న్యాయం అని నేనడిగితే, "చూసినోనికే గదరా ఎరుకయేది" అన్నాడు.

ఊరంతా వచ్చింది. ఆ ఊరంతా ఆ సినిమా చూసింది, కొందరు రెండుసార్లు చూశారు. నేను చెప్పింది ఒకటే. మా అన్న మనసు బాగలేదు, బాగలేని మనిషి చేత పెట్టించిన సంతకం చెల్లదు.

పటేలు అన్నను ముందు కూర్చోబెట్టుకున్నాడు. అన్న స్నానం చేసి, తల దువ్వుకొని వచ్చాడు.

"నీ తండ్రి పేరేంది?"

"బసప్ప."

"ఇయ్యాల ఏం వారం?"

"సోమారం పటేలా."

"నీకు పిచ్చా?"

"లేదు పటేలా."

గుంపులోంచి ఎవడో, "పిచ్చోడు ఇంత సాఫ్‌గ మాట్లాడుతడానయ్యా?" అన్నాడు. ఇంకొకడు, "సిన్మల ఆయినె సొంత తల్లినే గుర్తుపట్టలే. ఈయినె తండ్రి పేరు చెప్పిండు" అన్నాడు. "అంగీ చూడు, ఇస్త్రీ మడత గూడ చెదరలే." "ఒక్కనాడన్న నవ్విండా?" "టాకీసుల అందరం నవ్వినం, ఆయినె ఒక్కడే నవ్వలే. అందరికన్న బుద్ధిమంతుడు."

నేను అరిచాను. నిద్ర లేదన్నాను, గోడ అవతల తిట్లన్నాను. "గోడ అవతల ఎవల ఇంట్ల తిట్టుకోరు?" అన్నారు.

"భూమి నీ ఇష్టంతోనే ఇచ్చినవా శంకరప్పా?" అని అడిగాడు పటేలు.

అన్న లేచి నిలబడ్డాడు. చుట్టూ ఉన్న అందరికీ, ఒక్కొక్కరి దిక్కు తిరిగి చేతులు జోడించాడు. "నాదే తప్పు. నాటకం ఆడిన. అందరు మాఫ్ చేయుండ్రి."

బాలప్ప తొడ చరుచుకున్నాడు. "ఇంకేం గావాలె పటేలా? నోటితోని ఒప్పుకునె. పిచ్చి నాటకం ఆడి భూమి వాపస్ గుంజుకుందామని అన్నదమ్ములు స్కీమ్ ఏసిన్రు. తమ్ముడు నేర్పె, అన్న ఆడె. పదమూడో రీలు చూపిస్తే దాంట్ల ఉన్నదే నా మీద ఏస్తున్రు! నా డీజిలు గూడ దండుగ."

జనం నవ్వారు. నవ్వినవాళ్లలో మా కందుల సంచి తిన్నవాడూ ఉన్నాడు.

అప్పుడు వదిన లేచింది. ఆడవాళ్లు కూర్చున్న దిక్కు నుంచి నడిచి మధ్యకు వచ్చింది. కొంగు జారింది, కొప్పు ఊడింది, ఆమెకు పట్టలేదు.

"పటేలా, నీకు సిగ్గు లేదా? ఆయినె పక్కన పండేది నేను. ఆయినె రాత్రంత గోడకు చెవి పెట్టుకోని ఏడిస్తే ఎత్తుకున్నది నేను. నన్ను అడగవా? అంగీ మడతను అడుగుతవా? బాలప్పా, నా మొగనికి మందని చెప్పి బొమ్మ చూపిచ్చి నా భూమి గుంజుకుంటివి. నీ ఇల్లు గిట్లనే కాను!"

వంగి రెండు చేతులా మన్ను ఎత్తి బాలప్ప ముఖాన పోసింది. మా దిక్కు అన్యాయమైపోయిన ఆడది ఇచ్చే శాపం అది. అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. ఆ కూర్చున్నవాళ్లలో అది తెలియనివాడు లేడు. వాళ్ల తల్లులు పోసిందే, వాళ్ల పెళ్లాలు పోసిందే.

కానీ ఆ రోజు ఎవరికీ అది గుర్తుకు రాలేదు. జుట్టు విరబోసుకున్న ఆడది, అరుపు, మన్ను. వాళ్లకు టాకీసే కనపడింది.

"వామ్మో, భీమమ్మకు లేసింది!" అని ఆడవాళ్లు వెనక్కి జరిగారు. "చూడు చూడు, అచ్చం సిన్మల లెక్కనే" అన్నాడొకడు. ఎవడో ఈల కూడా వేశాడు. "పిచ్చి ఉన్నది ఈమెకు. ఆయినెకు కాదు" అని పటేలు కండువా దులుపుకున్నాడు. "పిచ్చిదాని మాట పంచాయితీల నడువది. తీస్కపోండ్రి."

ఇద్దరు ముగ్గురు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు. అన్న వాళ్ల దగ్గరకు పోయి, "నా తప్పుకు ఆమెనెందుకు పట్టిన్రు? మాఫ్ చేయుండ్రి" అని ఒక్కొక్కడినీ బతిమాలుతున్నాడు. అంత మర్యాదగా బతిమాలుతున్నందుకు ఆయన తెలివైనవాడని ఇంకోసారి రుజువైంది.

తీర్పు అయిపోయింది. పట్వారీ బాలప్ప పేరు ఎక్కించాడు.

కోర్టుకు పోదామని సంగారెడ్డిలో వకీలును అడిగాను. డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నాడు. ఎడ్లు అమ్మి అన్నను హైదరాబాద్ తీసుకుపోయాను. రెండు నెలలు. అక్కడి డాక్టరు మంచిగా చూశాడు. గోళీలు పడ్డాక అన్నకు నిద్ర వచ్చింది, గోడ అవతల గొంతులు తగ్గాయి. కానీ సర్టిఫికెట్ అడిగితే, "ఈ రోజు జబ్బు ఉందని రాస్తాను, ఆ రోజు సంగతి నేను చూడలేదు కదా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆ రోజు చూసినవాళ్లంతా మా ఊళ్లో ఉన్నారు, వాళ్లే చూడలేదు.

వకీలు కాగితాలు పక్కన పెట్టాడు. అమ్మడానికి ఇంకో జత ఎడ్లు లేవు.

మూడేళ్లు తిరక్కుండా మా చేన్లో బాలప్ప పక్కా టాకీసు కట్టాడు. సిమెంటు గోడలు, బాల్కనీ, ముందర కరెంటు బల్బులతో పేరు. కందికట్టె నిలిచిన చోట సైకిల్ స్టాండు. నాకు పిల్లనిద్దామని కంగ్టి దిక్కు నుంచి వచ్చినవాళ్లు వాకిట్లోకి రాకుండానే వాపస్ పోయారు. ఎందుకని ఆరా తీస్తే మొగులయ్య పటేలు చెప్పాడట. "మంచోళ్లే గని, ఆ ఇంట్ల పిచ్చి ఉన్నది." భూమి రాసిచ్చేటప్పుడు లేని పిచ్చి పిల్లనిచ్చేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఆయన ఇంటి ముందే నిలబడి అడిగాను. తలుపు వేసుకున్నాడు. తర్వాత చచ్చిపోయాడు. నేను మట్టికి పోలేదు.

వదిన అన్నను తీసుకొని తల్లిగారి ఊరు సిర్గాపూర్ పోయింది. అక్కడ కూలికి పోతుంది. ఇక్కడైతే ఆమె ఎదురొస్తే పిల్లల్ని పక్కకు లాక్కునేవాళ్లు. నేను పప్పుమిల్లులో హమాలీకి కుదిరాను. మా దిక్కు కందులు ఎవరి చేన్లో పండినా నా వీపు మీదికే వస్తాయి. ఇప్పుడు ఇళ్లలో టీవీలు, వీడియోలు వచ్చాయి. బాలప్ప టాకీసుకు జనం తగ్గారు. కిందటేడు మూసేసి గోదాము చేశాడు. రెండు సార్లు నేనే అందులో బస్తాలు దించాను. కూలి తీసుకున్నాను, వాడి చాయ తాగలేదు.

అన్న అప్పుడప్పుడు అంగడి రోజున వస్తాడు. తల దువ్వుకొని, ఉతికిన అంగీతో. జుట్టు సగం తెల్లబడింది. గోళీలు మానడు, వదిన మాననివ్వదు. మొన్న వచ్చినప్పుడు ఇద్దరం ఆ రోడ్డు వెంట నడిచాం. టాకీసు గోడ దగ్గరకు రాగానే అన్న చెప్పులు విడిచాడు. నాకు ఒళ్లు మండింది.

"చెప్పులు తొడుక్కో అన్నా. గుడి కాదది."

"పరాయోళ్ల జాగ గదరా. తప్పయితది."

లోపల బాలప్ప కొడుకు లారీ లెక్క చూసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. అన్న వాడి వీపుకు చేతులు జోడించాడు. నేను ఆ చేతులు పట్టి కిందికి దించాను. కొంచెం గట్టిగానే దించాను.

"ఎల్లయ్యా, బాలప్ప సేటుకు మనం ఏమన్న ఇయ్యాల్నా? సాఫ్ చెప్పు. దాచకు."

"మనం ఇయ్యాల్సింది లేదు. వాడే మనకు ఇయ్యాలె."

అన్న నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన చెవికి ఎక్కడం అదే మొదటిసారి. నా ముఖంలోకి చూశాడు, నేను నాటకం ఆడుతున్నానేమో అని.

"ఏమియ్యాలె?"

గోదాములో వాడి కొడుకుకు, రోడ్డు మీద పోయేవాళ్లకు, ఎదురుగా హోటల్లో కూర్చున్నవాళ్లకు వినపడేటట్టు గొంతెత్తి చెప్పాను.

"నల్లరేగడి. రోడ్డు పక్కది. మోట బావిల సగం పాలు. మూడెకరాల పద్నాలుగు గుంటలు."